మూత్రాశ్మరి: దాపరికమును చికిత్సయు

గడచిన సంవత్సరము శ్రావణమాసములో నొకనాటి రాత్రి మా అక్కగారికి కుడిప్రక్క డొక్కలో పుట్టిన నొప్పి తెల్లవారునప్పటికి జ్వరముగను వణకుగను మారెను. ఆసుపత్రికి తీసికొనిపోగా, మూత్రపిండమునుండి మూత్రాశయమునకు దిగెడు సన్నని నాళములో చింతగింజయంత రాయి యడ్డుపడెననియు, దాని వెనుక నిలిచిన మూత్రము చెడినదనియు డాక్టరుగారు చెప్పిరి. అప్పుడుగాని మాకు తెలియలేదు: ఆ నొప్పి ఆమెకు క్రొత్తది కాదు. మూడేండ్లనుండి వచ్చుచు పోవుచు నుండెను. మూత్రమునకు సంబంధించిన బాధను నలుగురిలో నెట్లు చెప్పుకొందునని సిగ్గుపడి ఆమె యెవ్వరితోను అనరైరి. ఎవరో చెప్పగా తెప్పించుకొన్న యొక చూర్ణమును మాత్రము రహస్యముగా సేవించుచుండిరి. అందులో నేమున్నదో అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవారు అడుగలేదు.

డాక్టర్లు మొదట నొక సన్నని గొట్టమును లోపల నమర్చి, నిలిచిన మూత్రమునకు దారి కల్పించి, జ్వరము తగ్గువరకు మందు లిచ్చిరి. కొన్ని దినములైన పిమ్మట మత్తు కలిగించి, దేహముపై నెక్కడను కోయక, సహజమైన మూత్రమార్గముననే వెండ్రుకంత వెలుతురుదారము గల నాళమును పంపి, లేజరు కిరణముతో రాతిని పొడిచేసి తీసివేసిరి. అంతయు గంటలోపల ముగిసెను. మరునాడు ఆమె యింటికి వచ్చిరి. వచ్చి మంచముపై కూర్చుండి, “ఇంతేనా? దీనికొరకా నేను మూడేండ్లు దాచితిని?” అనిరి.

ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. “ఇంతేనా” యని మనమనుకొను ఈ చిన్నచికిత్స ఒకప్పుడు మనుష్యుడు బుద్ధిపూర్వకముగా నొప్పుకొన్న బాధలలోనెల్ల ఘోరమైనది. అది యింత చిన్నదగుటకు రెండువేల యేండ్లకుపైగా పట్టెను. ఆ కాలములో దానికి అడ్డుపడినదేది, దారి యిచ్చినదేది యని విచారించినచో, మన యిండ్లలో నేటికిని అడ్డుపడుచున్నదేదో మనకు స్పష్టపడగలదు.

మొదట నొక భేదమును గుర్తింపవలయును. మూత్రములో కరగియున్న లవణములు చిక్కబడి స్ఫటికములై పేరుకొనుటచే రాయి పుట్టును. అది మూత్రపిండములో పుట్టవచ్చును, మూత్రాశయములో పుట్టవచ్చును. నేడు మన కెక్కువగా వినబడునది మొదటిది. పూర్వకాలపు గ్రంథములలో ప్రధానముగా కనబడునది రెండవది. అది పసిపిల్లలను సయితము పట్టి పీడించెడిది. ఈజిప్టుదేశములో ఎల్ అమ్రా యను చోట ప్రాచీనపు సమాధిలోని యొక బాలుని యస్థిపంజరమునందు మూత్రాశయపు రాయి దొరకెను. అది ఆరువేల యేండ్లకు మించిన దని చెప్పుదురు. కాబట్టి ఈ వ్యాధి నాగరికతతో సమానమైన వయస్సు గలది.

మన దేశములో సుశ్రుతసంహిత ఈ వ్యాధికి నిదానస్థానములో నొక యధ్యాయమును, చికిత్సాస్థానములో నొక యధ్యాయమును ప్రత్యేకించినది. అశ్మరి నాలుగువిధము లనియు, తొలిదశలో ఘృతములచేతను కషాయములచేతను క్షారములచేతను చికిత్స చేయవలెననియు, అవి ఫలింపనిచోట శస్త్రమే శరణ్యమనియు అందు చెప్పబడినది. రోగిని మోకాలియెత్తు బల్లపై పరుండబెట్టి, వేరొకని యొడిలో పైదేహమును ఆనించి, మోకాళ్లను మోచేతులను కట్టి, పొత్తికడుపును నూనెతో మర్దించి రాతిని క్రిందికి దింపవలెను. వైద్యుడు ఎడమచేతి రెండువ్రేళ్లను గుదమార్గమున చొప్పించి రాతిని పైకి ఉబ్బునట్లు పట్టి, నడిమి సీవనికి ఎడమప్రక్కగా యవగింజంత యెడము విడిచి, రాతి ప్రమాణమునకు తగినంతమాత్రమే కోయవలెను. రాయి చితుకరాదు, చిన్నతునుక మిగిలినను మరల పెరుగును. స్త్రీలయందు గర్భాశయము ప్రక్కనే యుండుటచే వేరుగా జాగ్రత్తపడవలెను. ఇట్టి సూక్ష్మములన్నియు అందు కలవు.

వీటన్నిటికంటె నన్ను ఆకర్షించినది వేరొక మాట. ఇది కుశలుడైన వైద్యునికిని సందిగ్ధమైన పని యని ఆ గ్రంథము దాచక చెప్పుచున్నది. చేయకున్న మరణము నిశ్చయము, చేసినచో ఫలము సంశయము. కావున ముందుగా ప్రభువునకు తెలిపి యనుమతి పొందినపిమ్మటనే శస్త్రమును పట్టవలెనని శాసించుచున్నది. అనగా అపాయము కలదని నలుగురియెదుట నొప్పుకొనుట చికిత్సలో మొదటి భాగము. ఇంతటి నిజాయితీతో ఆరంభమైన విద్య మన దేశమున కాలక్రమమున పండితవైద్యుల చేతినుండి జారిపోయెను. రక్తమును శవమును తాకుట మైల యన్న భావము ప్రబలినకొలది, గ్రంథము చదివినవాడు కత్తి పట్టడయ్యెను. కత్తి పట్టినవాడు గ్రంథము చదువడయ్యెను.

ఈ లోపము మనదొక్కటే కాదు. గ్రీకుదేశమున హిప్పొక్రటీసు పేర ప్రసిద్ధమైన ప్రతిజ్ఞలో వైద్యుడు తాను అశ్మరికై కోయననియు, ఆ పనిని దాని యందు ఆరితేరినవారికే విడుతుననియు ప్రమాణము చేయును. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో అమ్మోనియసు అనునతడు పెద్దరాయి బయటికి రానప్పుడు దానిని లోపలనే పగులగొట్టి తీయు సాధనమును కనిపెట్టినట్లు రోమను గ్రంథకర్త సెల్ససు వ్రాసెను. ఆ సెల్ససే క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఈ శస్త్రమును వర్ణించెను. బాలునిదేహము నిమిరి వ్రేలితో రాతిని దింపి కోయుటయందు అతని పద్ధతికిని సుశ్రుతుని పద్ధతికిని ఆశ్చర్యకరమైన పోలిక కలదు. ఆ పిమ్మట పదునైదువందల యేండ్లు ఐరోపాలో ఆ పద్ధతి యించుమించుగా కదలలేదు. ఏల? అచ్చటను విశ్వవిద్యాలయపు వైద్యులు చేయి కడుగుకొని దూరముగా నిలిచిరి. కోయుపని ఊరూర తిరుగు నాటువైద్యులపాలయ్యెను. వారు సంతలలో కోసి, పుండు మానకమునుపే ఆ యూరు విడిచి పోవుచుండిరి. రోగి బ్రతికెనో చచ్చెనో వారికి తెలియదు, తెలిసికొనవలసిన యగత్యమును లేదు.

కొందరు విద్యను మరియొకరీతిగా దాచిరి. ఫ్రాన్సుదేశమున పదునారవ శతాబ్దమునుండి కోలో యను కుటుంబమువారు ఈ శస్త్రమును తమ యింటి రహస్యముగా తరతరములు కాపాడుకొనిరి. రాజులకు శస్త్రవైద్యులై ధనమార్జించిరి. ఆ వంశమునకు చెందిన ఫ్రాన్సువా కోలో వ్రాసిన గ్రంథము ఆయన మరణించిన పిమ్మట 1727లోగాని వెలుగు చూడలేదు. ఒక యింటిలో దాగిన విద్య ఆ యింటి భోగమునకు పనికివచ్చును. లోకముయొక్క నేర్పునకు పనికిరాదు. తనకంటె మేలుగా చేయువాడు లేడని దాని యజమానుడు ఎట్లు ఎరుగును? పోల్చుకొనుటకు రెండవవాడు లేడుగదా.

ఆ దినములలో రోగి యెంతటి తెగింపుతో ఆ బల్ల నెక్కెడివాడో తెలియుటకు ఒక యుదాహరణము చాలును. దినచర్య వ్రాసి ప్రసిద్ధికెక్కిన లండను నివాసి శామ్యూల్ పీప్సు బాల్యమునుండి ఈ వ్యాధిచే బాధపడి, 1658 మార్చి 26వ తేదీన తన యిరువదియైదవయేట శస్త్రమునకు ఒప్పుకొనెను. నాటికి మత్తుమందు లేదు. కాలుసేతులు కట్టి, బలవంతులు పట్టుకొనియుండగా, థామస్ హోలియర్ అను శస్త్రవైద్యుడు ఆయన దేహమునుండి ఆనాటి టెన్నిసుబంతియంత రాతిని తీసెను. పీప్సు బ్రతికెను. ప్రతిసంవత్సరము ఆ తేదీన బంధుమిత్రులకు విందు చేయవలెనని సంకల్పించుకొనెను. ఆ రాతికి ఒక పెట్టెను చేయించి దాచుకొనెను. మనలో నెందరము మన వ్యాధిని ఇట్లు పండుగగా చేసికొని నలుగురికి చూపగలము? ఆయన చూపుట వలన, భయపడి వెనుకాడుచున్న మరికొందరికి ధైర్యము కలిగియుండవలెను. 1703లో ఆయన మరణించినపిమ్మట దేహమును పరీక్షింపగా ఎడమ మూత్రపిండములో ఏడురాళ్లు కనబడెను. మూత్రాశయములోని రాతిని తీయగలిగిన కత్తికి మూత్రపిండము నాటికి అందనిచోటు.

పదునెనిమిదవ శతాబ్దముననే అసలైన మార్పు తలచూపెను. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో విలియం చెసెల్డెన్ అను శస్త్రవైద్యుడు 1727 మొదలు ప్రక్కనుండి కోయు పద్ధతిని సవరించి ఆచరించెను. ఒక నిమిషములోపల రాతిని తీయు చేతివేగము ఆయనదని చెప్పుదురు. కాని ఆయన కీర్తికి వేగముకంటె గట్టి యాధారము కలదు. ఆయన లెక్క వ్రాసెను. తాను ఆసుపత్రిలో కోసినవారు 213 మంది. అందులో మరణించినవారు 20 మంది. పదియేండ్లలోపు పిల్లలు 105 మంది. అందులో మరణించినవారు ముగ్గురు. వయస్సు పెరిగినకొలది అపాయము పెరుగుచున్నదని ఆ లెక్కయే చూపెను. తన చేతిలో చనిపోయినవారిని తానే లెక్కించి అచ్చువేయించుట యెంత కష్టమో ఆలోచింపుడు. జయములను చాటుకొనుట యెల్లరు చేయుదురు. ఆ యిరువదిమంది మరణములను వ్రాసినందుననే తక్కినవారు బ్రతికిరన్న మాటకు విలువ వచ్చెను.

అదే నగరమున, అదే కాలమున, దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథయొకటి నడచెను. జొవానా స్టీఫెన్సు అను నామె కత్తి యక్కరలేకుండ రాతిని కరగించు మందు తనయొద్ద కలదని ప్రకటించెను. గొప్పయింటివారు దానిని సేవించి మేలయినదనిరి. రహస్యము చెప్పుటకు 5,000 పౌనులు కావలెనని ఆమె పట్టుపట్టెను. చందాలతో ఆ మొత్తము పోగుకాలేదు. అప్పుడు బ్రిటిషు పార్లమెంటే 1739లో చట్టముచేసి ఆ ధనము నిచ్చుటకు ఒడంబడెను. రహస్యము గెజెటులో ప్రకటితమయ్యెను. అందులో నున్నవి కాల్చిన కోడిగ్రుడ్డు పెంకులు, కాల్చిన నత్తలు, సబ్బు, తేనె, కొన్ని మూలికలు! నాటివారు తెలివిలేనివారని మనము నవ్వుకొనుట తగదు. కత్తికి భయపడినవాడు కత్తిలేని దారిని నమ్ముట మనుష్యస్వభావము. నమ్మినవారిలో మంత్రులును ఉండిరి, పండితులును ఉండిరి.

అయితే ఈ కథకొక విచిత్రమైన ముగింపు కలదు. గుట్టుగా నున్నంతకాలము ఆ మందు నమ్మకముగా నుండెను; బట్టబయలైన వెంటనే పరిశోధనకు వస్తువయ్యెను. సున్నమును క్షారములును రాతిని నిజముగా కరగించునా యని పలువురు పరీక్షింపసాగిరి. స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అను యువకుడు రాతికి తగిన సౌమ్యమైన క్షారమును వెదకుచు బయలుదేరి, 1754లో సమర్పించిన తన వైద్యపట్టపు వ్యాసమునుండి మొదలిడి, ఖనిజములలో ఇమిడియుండు నొక వాయువును గుర్తించెను. అదియే మన పాఠపుస్తకములలోని బొగ్గుపులుసుగాలి. 1776లో స్వీడనుదేశపు షీలే రాతిలోనే యూరిక్ ఆమ్లమును కనుగొనెను. 1797లో వొలాస్టన్ రాళ్లన్నియు ఒకటే పదార్థము కావనియు, పలువిధము లనియు నిరూపించెను. ఒక రాయికి పనిచేయు మందు మరియొక రాయికి ఏల పనిచేయదో అప్పుడు బోధపడెను. యూరిక్ ఆమ్లపు రాళ్లను మాత్రము క్షారగుణముగల మందులతో కరగింపవచ్చునన్న నేటి వైద్యము ఆ దారినే వచ్చినది. ఐదువేల పౌనులకు కొన్న మందు వ్యర్థమే కావచ్చును. దాని మూత తీయుట మాత్రము వ్యర్థము కాలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున పారిసునగరములో జాన్ సివియాల్ అను శస్త్రవైద్యుడు దేహమును కోయకుండ, మూత్రమార్గమున సాధనమును పంపి రాతిని మూత్రాశయములోనే పట్టి నలుగగొట్టు పద్ధతిని 1824లో బ్రతికియున్న రోగిపై జయప్రదముగా నడపెను. అమ్మోనియసు ఊహకు ఇరువది శతాబ్దముల పిమ్మట కలిగిన ఫలమిది. సివియాల్ తన పద్ధతి మేలని వాదించుటతో తృప్తిపడలేదు. ఐరోపాలోని ఆసుపత్రులనుండి వేలకొలది శస్త్రముల లెక్కలు తెప్పించెను. పాతపద్ధతిలో కోసినవారిలో ఇంచుమించు ఐదుగురిలో నొకరు మరణించుచుండగా, క్రొత్తపద్ధతిలో నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే మరణించిరని ఆ లెక్కలు చూపెను. ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు 1835లో దీనిని విచారించుటకు పువాసోన్ అను గణితవేత్తను కూడ చేర్చి యొక సంఘమును నియమించెను. మనుష్యుల ప్రాణములను అంకెలతో తూచవచ్చునా యని పెద్దచర్చ జరిగెను. క్రొత్తపద్ధతికి తేలికపాటి రోగులను ఏరికొని, కష్టమైనవారిని కత్తికి విడిచినచో పోలిక సరియగునా యన్న ఆక్షేపణయు న్యాయమైనదే. కాని ఆ యాక్షేపణ సయితము లెక్కలు బయట నుండుట చేతనే పుట్టగలిగెను.

ఇక మిగిలినది నొప్పి. 1846 అక్టోబరు 16వ తేదీన బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథరుతో మత్తు కలిగించి శస్త్రము చేసిరి. మరుసటి సంవత్సరము ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. బోస్టనులో ఆ దినమున జరిగినదానిని లోకమునకు వ్రాసి తెలిపిన హెన్రీ బిగెలో అను శస్త్రవైద్యుడే 1878లో, రోగి మత్తులో నుండగా ఒక్కసారిగా రాతినంతయు చితుకగొట్టి నీటితో కడిగి పీల్చివేయు విధానమును ప్రకటించెను. అంతకుముందు కొద్దికొద్దిగా, పలుమారులు, రోగి యోర్చుకొన్నంతమాత్రమే చేయవలసివచ్చెడిది. మన దేశమున ఇందూరులోని రెసిడెన్సీ సర్జను కీగన్ 1880 దశకములో ఈ విధానము చిన్నపిల్లలకు పనికిరాదన్న అభిప్రాయమును త్రోసివేసి, బాలురయందు జయప్రదముగా చేసి, ఆ వివరములను ప్రచురించెను.

మత్తుమందు కథలో మన హైదరాబాదునకు ప్రత్యేకమైన స్థానము కలదు. క్లోరోఫారముచే అప్పుడప్పుడు రోగి బల్లపైననే మరణించుచుండెను. అది శ్వాస నాపుటచేతనా, గుండె నాపుటచేతనా? హైదరాబాదు వైద్యపాఠశాలకు అధ్యక్షుడైన ఎడ్వర్డ్ లారీ శ్వాసను కనిపెట్టియున్న చాలునని నమ్మెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతో 1888లోను 1889లోను రెండు పరిశోధకసంఘములు ఇచ్చట కూర్చుండెను. రెండవదానికి లండనులోని లాన్సెట్ పత్రిక తన పక్షమున లాడర్ బ్రంటనును పంపెను. జంతువులపై చేసిన ప్రయోగముల ననుసరించి, శ్వాసయే ముందు ఆగునని ఆ సంఘములు తీర్మానించెను. 1911లో లీవీ యను శాస్త్రజ్ఞుడు స్వల్పపుమత్తులోను క్లోరోఫారము గుండెను అకస్మాత్తుగా నిలుపగలదని నిరూపించి ఆ తీర్మానము సంపూర్ణము కాదని తేల్చెను. కాబట్టి హైదరాబాదు సంఘములు వ్యర్థమైనవా? కాలేదు. తమ ప్రయోగములను వివరముగా అచ్చువేయించిరి గనుకనే తప్పు దొరకెను, దిద్దబడెను. అచ్చుపడిన తప్పు దిద్దుబాటునకు లొంగును. మనస్సులోనే దాగిన నమ్మకము లొంగదు.

ఇంతవరకు చెప్పినదంతయు మూత్రాశయపు రాతి కథ. లోపలి మూత్రపిండమును తాకుటకు మరికొంతకాలము పట్టెను. 1869లో హైడల్‌బర్గులో గుస్తావ్ సైమన్ ఒక స్త్రీకి ఒక మూత్రపిండమును పూర్తిగా తీసివేసి, ఒక్క మూత్రపిండముతో మనుష్యుడు జీవింపగలడని చూపెను. అంతకుముందు ఆయన కుక్కలపై పరీక్షించి చూచెను. 1880లో లండనులో హెన్రీ మోరిస్ మూత్రపిండమును నిలుపుకొని రాతినిమాత్రము తీసెను. అయినను, రాయి ఎక్కడ నున్నదో కోసిచూచినగాని తెలియకుండెను. 1895లో రాంట్జెన్ ఎక్సురే కిరణములను కనుగొనగా, మరుసటి సంవత్సరమే గ్లాస్గోలో జాన్ మకింటైర్ మూత్రపిండములోని రాతికి ఛాయాచిత్రము తీసెను. శతాబ్దములుగా వ్రేలికొసతో తడవి చూచిన వస్తువు ఇట్లు కంటికి కనబడెను.

తరువాతి కాలమున కత్తి క్రమక్రమముగా చిన్నదయ్యెను. 1954లో లండనులో హాప్కిన్సును, పంజాబునకు చెందిన మన నరీందర్ సింగ్ కపానీయు గాజుదారముల కట్టద్వారా చిత్రమును వంపులుగా పంపవచ్చునని ప్రకటించిరి. దేహపు చీకటిమూలలకు దీపము దొరకెను. 1976లో స్వీడనుదేశమున ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ అనువారు వీపున నొక చిన్నరంధ్రము గుండ మూత్రపిండమునుండి రాళ్లను తీసిరి. జర్మనీలో విమానములు కట్టు డోర్నియర్ సంస్థవారు ఘాతతరంగములను గూర్చి చేయుచుండిన పరిశోధన వైద్యులకు అక్కరకు వచ్చెను. 1980 ఫిబ్రవరి 7వ తేదీన మ్యూనిక్కులో క్రిస్టియన్ షౌసి రోగిని నీటితొట్టిలో నుంచి, దేహమును తాకకయే రాతిని బ్రద్దలుకొట్టెను. 1990 దశకమున హోల్మియం లేజరు వాడుకలోనికి వచ్చెను. మా అక్కగారికి గంటలో జరిగిన పని వెనుక ఇంతమంది చేతులు కలవు.

చివరకు కత్తి యవసరమే లేకుండ చేసిన జయమొకటి కలదు. నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ 1920, 1930 దశకములలో ఎలుకలకు పలువిధములైన ఆహారముల నిచ్చి పరీక్షించెను. ధాన్యపుపిండి ప్రధానమై, పోషకములు లోపించిన తిండి తిన్నవాటికి మూత్రాశయములో రాళ్లు పుట్టెను. పాలు చేర్చినవాటికి పుట్టలేదు. బీదపిల్లల మూత్రాశయపు రాతికి మూలము పాలును మాంసకృత్తులును కొరవడిన తిండియని ఇతరదేశముల యనుభవమును స్థిరపరచెను. ఐరోపాలో పిల్లల భోజనము బాగుపడినకొలది ఆ వ్యాధి యించుమించు మాయమయ్యెను. చెసెల్డెన్ కోసిన నూట యైదుగురు పిల్లలవంటివారిని రక్షించుటలో కత్తికంటె పాలచెంబు గొప్పపని చేసెను. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయపోషకాహారసంస్థగా తార్నాకలో నున్నది.

చదువరులు ఈ చరిత్రమును వినోదముగా చదివి విడువరాదని నా మనవి. ఇందు ఓడినది ప్రతిసారియు దాపరికమే: కోలోవారి యింటి గుట్టు, స్టీఫెన్సు మందు గుట్టు, సంతవైద్యుని లెక్కలేని మరణములు. గెలిచినది ప్రతిసారియు బహిరంగతయే: ప్రభువునకు తెలిపి కోయుమన్న సుశ్రుతుని విధి, చెసెల్డెన్ అంకెలు, సివియాల్ పట్టికలు, కూనూరు ఎలుకలు. మన యిండ్లలో మూడవ దాపరిక మొకటి కలదు, అది సిగ్గు. ముఖ్యముగ ఆడువారు నడుము క్రిందిబాధ నంతను ఒక్క మూటగట్టి దాచుకొందురు. బయటికి పోయినచోట మరుగుదొడ్డి యుండదని నీళ్లు త్రాగుటయే మానుకొందురు. ఎండలు మెండైన మన సీమలో చెమటగా పోవు నీరు పోగా మిగిలిన మూత్రము చిక్కబడి రాతికి విత్తనమగును. పాఠశాలలోను కార్యాలయములోను సంతలోను శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవుట మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, వైద్యమునకు సంబంధించిన విషయము.

ప్రతి రాతికిని శస్త్రము కావలెననుట లేదు. చిన్నరాళ్లలో పెక్కులు తమంతట తామే పోవును. కాని డొక్కనొప్పితో చలిజ్వరము కలిసినప్పుడు ఒక్కపూటయు నిలువరాదు. తీసిన రాతిని పారవేయక పరీక్షింపించి, అది యేజాతిదో వ్రాయించుకొనవలెను. మందు ఇచ్చువాడు ఎవడైనను అందులో నేమున్నదో అడుగవలెను. చెప్పనివాని మందు పుచ్చుకొనరాదు. శస్త్రము చేయువారిని అపాయమెంత యని యడుగుట అవిశ్వాసము కాదు. అది సుశ్రుతుడు విధించిన మర్యాదయే. లోపల అమర్చిన గొట్టమును ఏదినమున తీయవలెనో తెలిసికొని జ్ఞాపకముంచుకొనవలెను; మరచిపోయినచో దానిచుట్టును క్రొత్తరాయి పేరుకొనును.

మా అక్కగారికి ఆ గొట్టము తీయవలసిన తేదీని డాక్టరుగారు ఒక చీటిపై వ్రాసి యిచ్చిరి. మునుపటి ఆమెయైనచో దానిని బియ్యపుడబ్బాలో దాచియుందురు. ఈమారు వసారాలో వ్రేలాడు కాలెండరుపై ఆ తేదీచుట్టు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, ప్రక్కన “రాతిగొట్టము తీయించవలెను” అని వచ్చిపోవువారికెల్ల కనబడునంత పెద్దయక్షరములతో వ్రాసిరి. అది చూచి యిరుగుపొరుగు స్త్రీలలో నిద్దరు తమకును అట్టి నొప్పియే కలదని ఆమెతో మెల్లగా చెప్పిరి. ఆమె వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయిరి.